చెడు ఎక్కడ కూర్చుంది? క్రైస్తవ రూపక కథల్లో ఎవరికి ఏది ఇవ్వాలి

వేసవి సెలవులు దగ్గరపడి వి.బి.ఎస్. (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి) కరపత్రాలు పంచేటప్పటికి నాకు పని మొదలవుతుంది. జమ్మలమడుగులో తెలుగు పంతులుగా చేసి రిటైరయినవాణ్ణి. మా చర్చి పుస్తకాల బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. పోయినేడు ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"సార్, పాపకు మంచి కథల పుస్తకం ఏదన్నా ఇయ్యండి. దేవునిదై ఉండల్ల. దయ్యాలు గియ్యాలు ఉండగూడదు."

పాప వెనక నుంచి గొణిగింది. "దయ్యం లేకుంటే ఇంగ కథేముంటాది మా?"

పాప మాటే నిజం. ఈ రకం పుస్తకాలన్నింట్లోనూ మంచికీ చెడుకూ యుద్ధమే. దయ్యమో మంత్రగత్తో రాక్షసుడో లేని పుస్తకం ఆ అరలో ఒక్కటీ లేదు. ఉన్న తేడా అంతా, రాసినవాడు చెడును ఎక్కడ కూర్చోబెట్టాడు అన్నదే. ఒకాయన దారి పొడుగునా పెడతాడు. అదే మనిషి ఇంకో పుస్తకంలో కోట లోపల పెడతాడు. ఒకాయన పిల్లవాడి నాలుక మీద పెడతాడు. ఇంకొకాయన పక్కింటివాడి భుజం మీద, గోళ్ళు గుచ్చి మరీ కూర్చోబెడతాడు. అందుకే ఎవరైనా పుస్తకం అడిగితే నేను వయసు తర్వాత కనుక్కుంటాను. ఈ మనిషి చెడును ఎక్కడ వెతుక్కుంటున్నాడో ముందు చూస్తాను. బయట వెతికేవాడికి లోపల చూపించే పుస్తకం, ఊరికూరికే తన్ను తాను తిట్టుకునేవాడికి దారి చూపించే పుస్తకం. పాతికేళ్ళ అనుభవంతో నేను పట్టుకున్న లెక్క ఇది. ఒకసారి తప్పింది కూడా. ఆ సంగతి ముందుకు పోయాక చెప్తాను.

రూపక కథ అనేది మనకు తెల్లదొరలు తెచ్చిన వింత కాదు. గలతీ పత్రిక నాలుగో అధ్యాయంలో హాగరు, శారాల సంగతి చెప్పేచోట మన తెలుగు బైబిల్లో 'అలంకార రూపకముగా' అనే మాట ఉంది. దానికంటే దగ్గరిది ఇంకొకటి. సంస్కృతంలో కృష్ణమిశ్రుడు 11వ శతాబ్దంలో రాసిన ప్రబోధ చంద్రోదయ నాటకాన్ని 15వ శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ తెలుగు కావ్యం చేశారు. అందులో వివేకుడు ఒక రాజు, మహామోహుడు ఒక రాజు. దంభుడు, అహంకారుడు ఒక పక్షం, శాంతి, శ్రద్ధ ఇంకో పక్షం. గుణాలకే ఒళ్ళూ నోరూ ఇచ్చి యుద్ధం చేయించారు. మా పక్కన బ్రహ్మంగారి మఠం దిక్కు తత్వాలు పాడేవాళ్ళను అడగండి, ఒళ్ళంటే తొమ్మిది వాకిళ్ళ ఇల్లంటారు. కాబట్టి 'ఇదంతా ఇంగ్లీషోళ్ళ కథ, మనకెక్కుతుందా' అన్న బెంగ అక్కర్లేదు.

యాత్రికుని ప్రయాణం

మొదట అందరూ అడిగేది ఇదే, నేను ఎక్కువగా ఇచ్చేదీ ఇదే. జాన్ బన్యన్ రాశాడు, మొదటి భాగం 1678లో వచ్చింది. ఆయన బొక్కలు పడిన గిన్నెలకు, కాగులకు మాట్లు వేసే పనివాడు, వాళ్ళ నాయనదీ అదే వృత్తి. అనుమతి లేకుండా బోధ చేస్తున్నాడని 1660లో బెడ్‌ఫర్డ్ జైల్లో వేస్తే పన్నెండేళ్ళు ఉన్నాడు. మా కడపకు లండన్ మిషన్ వాళ్ళు 1822లో వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది ఏ బిషప్పు కిందా ఉండని స్వతంత్ర సంఘాల వాళ్ళు. బన్యనూ ఆ గుంపు మనిషే. అందుకే ఈ పుస్తకం మా అవ్వల కాలం నుంచీ ఇళ్ళలో బైబిలు పక్కన కనబడేది.

కథ అందరికీ తెలిసిందే. వీపు మీద మూటతో ఒక మనిషి నాశనపురం విడిచి పరలోక పట్టణానికి నడుస్తాడు. చెడు దారిలో ఎదురవుతుంది. నిరాశ ఊబి, కష్టాల కొండ, మాయ సంత, సందేహ కోట. ఒక్కొక్కటి ఒక్కొక్క చోట కాచుకుని ఉంటుంది. ఇది ఎవరికి పనికొస్తుందో ఊబి దగ్గరే తెలిసిపోతుంది. వాన పడిన మర్నాడు మా నల్లరేగడి చేలో కాలు పెట్టినవాడికి ఆ పేజీ విడమరిచి చెప్పే పని లేదు. చెప్పు కింద చెప్పంత మన్ను. కాలు లాగితే కాలే వస్తుంది, చెప్పు రాదు. బన్యన్ ఊబి కూడా అట్లాంటిదే. అందులో ఎవడూ ఎవణ్ణీ మింగడు. నడక ఆగిపోతుంది, అంతే. యాత్రికుడితో కూడా ఉత్సాహంగా బయలుదేరినవాడు రెండడుగులు మునగ్గానే ఇంటి దిక్కు గట్టుకు ఎక్కేసి వెనక్కి పోతాడు. ఊబి నడిమధ్య గట్టి మెట్లు ఉన్నాయట, బురదలో కనబడవు. ఆ మెట్ల సంగతి నాకు భలే ఇష్టం.

అన్నింటికంటే మంచి భాగం సందేహ కోట. యాత్రికుడూ అతని స్నేహితుడూ రాళ్ళదారిలో కాళ్ళు నొచ్చి, పక్కనే మెత్తటి పచ్చిక బయలు కనబడితే కంచె దాటి అటు దిగుతారు. దారి పక్కనే పోతోంది కదా, ఎక్కడో ఒకచోట కలుస్తుందిలే అని. రాత్రి వాన. పొద్దున లేచేసరికి నిరాశ అనే రాక్షసుడి కోటలో బందీలు. వాడు కర్రతో బాదుతాడు, అన్నం పెట్టడు, మీ అంతట మీరే చచ్చిపోండని నూరిపోస్తాడు. కొన్ని దినాలు అట్ల పడి ఉన్నాక యాత్రికుడికి గుర్తొస్తుంది, తన రొమ్ములో దాచుకున్న తాళంచెవి ఒకటి ఉందని. దాని పేరు వాగ్దానం. ఆ చెవి మొదట్నుంచీ వాడి దగ్గరే ఉంది. పరీక్ష తప్పినవాడికి, పంట పోయినవాడికి, పెండ్లి చెడిపోయినవాడికి ఈ ఒక్క అధ్యాయం చదివి వినిపించినా చాలు. ఐతే మనిషి నిజంగానే చచ్చిపోవాలనే ఆలోచనలో ఉన్నట్టు కనబడితే పుస్తకం చేతిలో పెట్టి ఊరుకోకండి. కూడా పోయి డాక్టరుకు చూపించండి, పుస్తకం తర్వాత.

లోపాలూ చెప్పాలి. యాత్రికుడు ఇల్లు విడిచేటప్పుడు పెండ్లాం పిల్లలు వెనక నుంచి పిలుస్తుంటే చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పరుగెత్తుతాడు. మా స్త్రీల కూటంలో ఈ పేజీ చదివిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, "సంసారం వదిలేసి పొయ్యేదేం భక్తి సార్?" అని. బన్యన్‌ను కూడా ఎవరో అడిగే ఉంటారు. 1684లో రెండో భాగం రాసి ఆ భార్యనూ నలుగురు కొడుకులనూ అదే దారిలో నడిపించాడు. ఈసారి ఒంటరి నడక కాదు. పక్కింటి పిల్ల ఒకతి తోడు, ముందర కత్తి పట్టుకుని కాపలా మనిషి, దారిలో కుంటివాళ్ళు, పిరికివాళ్ళు వచ్చి కలుస్తారు, పిల్లల్లో ఒకడు పరాయి తోట పండ్లు తిని కడుపునొప్పి తెచ్చుకుంటాడు. ఆడవాళ్ళకూ ముసలివాళ్ళకూ నేను రెండో భాగమే ముందు ఇస్తాను. కొనేటప్పుడు అది కలిసి ఉన్న ప్రతేనా అని చివరి పేజీలు తిప్పి చూసుకోండి.

ఇంకో జాగ్రత్త. దారిలో ఒక గుహ ముందర పోప్ అనే ముసలి రాక్షసుడు కూర్చుని యాత్రికుల మీద గోళ్ళు కొరుక్కుంటుంటాడు. 17వ శతాబ్దపు ఇంగ్లండు తగాదా అది. ఆర్.సి.ఎం., అంటే రోమన్ క్యాథలిక్ కుటుంబానికి ఈ పుస్తకం కానుకగా ఇస్తే ఆ పేజీ సంగతి ముందే చెప్పి ఇవ్వండి, లేకపోతే కావాలని ఇచ్చారనుకుంటారు.

భాష సంగతి. పాత అనువాదాల్లో 'చేయుచుండెను, పలికెను' వరస ఉంటుంది. అరవై దాటినవాళ్ళకు అదే ఇంపు, బైబిలు చదివినట్టే ఉంటుందంటారు. ఇంటర్ పిల్లవాడికి అదే గోడ. కొనేముందు ఒక పేజీ పైకి చదివించండి. మూడోసారి తడబడితే సంక్షిప్త ప్రతి తీసుకోండి. నామోషీ ఏం లేదు.

గండికోట చూసినవాళ్ళకు ఇంకొకటి

బన్యన్‌దే 1682 నాటి పుస్తకం ఒకటుంది, హోలీ వార్. మనవాళ్ళు దీన్ని తక్కువ చదువుతారు. నడక ఉండదు, అంతా ముట్టడి. మనిషి ప్రాణమే ఒక పట్టణం. దానికి ఐదు వాకిళ్ళు. చెవి, కన్ను, నోరు, ముక్కు, స్పర్శ. సైతాను సేనతో వచ్చి చెవి వాకిలి దగ్గర విడిది చేస్తాడు. ఆ గోడలకు ఒక నియమం ఉంది. లోపలివాళ్ళు ఒప్పుకుంటే తప్ప బయటివాడెవడూ వాటిని పడగొట్టలేడు.

ఇది చదివాక ఒక సాయంత్రం గండికోటకు పోయి కూర్చోండి. మాకు 15 కిలోమీటర్ల దూరం. ఒక పక్క పెన్న కోసిన లోయ, ఇంకో పక్క ఎర్రరాయి గోడ. 17వ శతాబ్దం నడిమిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది ఆ కోట. లోపలివాడి ద్రోహం వల్లనే పడిందని మా దిక్కు కథలు చెప్తారు. ఆ కథల్లో నిజమెంతో గాని, దాదాపు ఆ దశాబ్దంలోనే కుర్రవాడుగా సైన్యంలో పనిచేసి వచ్చిన బన్యన్ రాసిందీ అదే రకం కథ. కోట పడిపోయాక సైతాను మొదట చేసే పని చూడండి. పట్టణ పెద్ద పేరు బుద్ధి. ఆయన ఇంటి కిటికీలకు అడ్డంగా ఎత్తయిన బురుజు కట్టించి ఇల్లంతా చీకటి చేస్తాడు. మనస్సాక్షి ఆ పట్టణానికి కరణం లాంటివాడు. ఆయన్ను చంపడు. తాగించి, తిరగనిచ్చి, మతి చలించినవాడని పేరు పెట్టిస్తాడు. ఆయన అప్పుడప్పుడు నడివీధిలో కేకలేస్తాడు, ఊరు వణుకుతుంది, తెల్లారి మర్చిపోతుంది.

చెప్పాలంటే యాత్రికుని ప్రయాణం కంటే ఆలోచన ఇందులోనే లోతు. చదవడానికి మాత్రం బరువు. రాయబారాలు, విచారణలు, మళ్ళీ రాయబారాలు. సగంలో మా చర్చి అయ్యగారే పక్కన పెట్టేశారు. 'నా తప్పేమీ లేదు, అంతా పరిస్థితులు' అనే అలవాటున్న మనిషికి, అదీ ఓపిక ఉంటే, ఇవ్వండి. తత్వాలు విని పెరిగినవాళ్ళకు ఇట్టే అందుతుంది. మొదటి పుస్తకంగా ఎవరికీ వద్దు.

నార్నియా, బాంబే హల్వా

పిల్లలకు ఏమిటన్నదానికి నా జవాబు సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా. 1950 నుంచి 1956 దాకా ఏడాదికొకటి చొప్పున ఏడు పుస్తకాలు. వీటిని రూపక కథలంటే లూయిస్ ఒప్పుకునేవాడు కాదు. బన్యన్‌లో నిరాశ అనే గుణానికి రాక్షసుడి వేషం వేశారు, వేషం తీస్తే గుణం మిగులుతుంది. నార్నియా అనే ఊహాలోకాన్ని ఏలే అస్లాన్ అనే సింహం మాత్రం వేషం కాదు. అట్లాంటి లోకం ఒకటి నిజంగా ఉండి, దేవుని కుమారుడు అక్కడికీ పోయి ఉంటే ఏమై ఉండేది అన్న ఊహ అది. పిల్లలకు ఈ తేడా చెప్పే పని లేదు. పెద్దలకు మాత్రం చెప్పాలి, లేకపోతే బీవరు దంపతులు ఎవరికి గుర్తు, దీపస్తంభం దేనికి గుర్తు అని ప్రతిదానికీ అర్థం లాగుతూ పిల్లల కథను ప్రశ్నపత్రం చేసేస్తారు. పంతులు ఉద్యోగం చేసినవాణ్ణి, ఆ జబ్బు నాకూ ఉండేది.

ఇందులో చెడు ఎక్కడుందో మొదటి పుస్తకంలోనే తేలిపోతుంది. ఎడ్మండ్ అనే పిల్లవాడు మంచులో తెల్ల మంత్రగత్తెకు ఎదురుపడతాడు. ఆమె కొట్టదు, తిట్టదు. వేడివేడిగా తాగడానికి ఇస్తుంది, ఇంకేం కావాలని అడుగుతుంది. వాడు టర్కిష్ డిలైట్ అనే మిఠాయి అడుగుతాడు. డబ్బా నిండా ఇస్తుంది. అది మంత్రించినది, తిన్నకొద్దీ ఇంకా కావాలనిపిస్తుంది. దానికోసం వాడు అన్ననూ అక్కచెల్లెళ్ళనూ అప్పగించడానికి ఒప్పుకుంటాడు.

వి.బి.ఎస్.లో ఆ అధ్యాయం చెప్పేరోజు ప్రొద్దుటూరు నుంచి బాంబే హల్వా తెప్పించాను. రబ్బరు మాదిరి సాగుతూ, అద్దంలా మెరిసే ఎర్రటి హల్వా. ఆ మిఠాయికి మన అంగళ్ళలో దగ్గరి చుట్టం అదే. తలా ఒక ముక్క ఇచ్చి, మిగిలిన పొట్లం విప్పిపెట్టి బల్ల మీదే ఉంచి, ఇంగ్లీషు పుస్తకం చేతిలో పట్టుకుని తెలుగులో కథ చెప్పుకుంటూ పోయాను. పిల్లల చూపులు నా మీద సగం, పొట్లం మీద సగం. అయిపోయాక అడిగాను, "ఎడ్మండ్ మీద ఎవరికి కోపమొచ్చింది?" అందరూ చేతులెత్తారు, ఒక్కడు తప్ప. ఆరో తరగతివాడు. కుడిచెయ్యి నిక్కరు జేబులోనే ఉంది. కాసేపటికి బయటికి తీశాడు. రెండో ముక్క, కరిగి, వేళ్ళకు అంటుకుని, జేబులోని నూగంతా పట్టుకుని ఉంది. ఎప్పుడు తీశాడో నేను చూడనే లేదు.

"ఏం చేస్తావ్, తినెయ్" అన్నాను.

"వద్దు సార్, దారాలు అంటుకున్యాయి."

ఆ క్లాసుకు అంతకంటే వ్యాఖ్యానం నేను చెప్పలేదు.

కొనేటప్పుడు రెండు మూడు సంగతులు చూసుకోండి. ఇప్పుడొచ్చే సెట్లలో ఒకటో నంబరు వేసి ఉండేది కథాకాలం ప్రకారం ముందు జరిగింది, అచ్చయింది మాత్రం ఆరోది. నంబరు చూసి మోసపోకండి, సింహం, మంత్రగత్తె, బీరువా ఉన్న 1950 నాటి పుస్తకంతోనే మొదలుపెట్టండి. ఎదిగే వయసు పిల్లలకు 1952 నాటి ఓడ ప్రయాణం ఇంకా బాగా నచ్చుతుంది. అందులో యూస్టస్ అనే పెంకి పిల్లవాడు అత్యాశ తలపులతో నిద్రపోయి డ్రాగన్‌గా మారిపోతాడు. తన చర్మం తానే ఒలుచుకుంటాడు, లోపల మళ్ళీ అదే చర్మం. చివరికి సింహమే గోళ్ళు దించి ఒలుస్తుంది. అమ్మానాన్నల మాట వినని కొడుకును దారికి తెమ్మని నా దగ్గరికి తెచ్చేవాళ్ళకు అదే ఇస్తాను, మొదట అమ్మానాన్నలనే చదవమంటాను. ఏడోది మాత్రం ఆగి ఇవ్వండి. లోకమే అంతమైపోయే కథ, చావులు ఎక్కువ.

'మంత్రగత్తె ఉంది కదా, సింహమేమో దేవుడా' అని సణిగేవాళ్ళకు ప్రకటన గ్రంథం ఐదో అధ్యాయంలో యూదా గోత్రపు సింహాన్ని చూపిస్తే నోరు మూతపడుతుంది. నా అభ్యంతరం వేరే. కొన్ని పుస్తకాల్లో దక్షిణాన ఒక శత్రుదేశం వస్తుంది. ఆ జనం నల్లని ఒళ్ళు, తలపాగాలు, వంకర కత్తులు. మంచివాళ్ళేమో తెల్లగా ఉత్తరాన ఉంటారు. వాళ్ళలోనూ మంచివాణ్ణి లూయిస్ చూపించాడు, చివరి పుస్తకంలో ఆ మనిషిని సింహమే చేరదీస్తుంది. ఐనా కడప పెద్ద దర్గా ఉరుసుకు అన్ని మతాలవాళ్ళూ పోయే మా దిక్కున, ఆ బొమ్మ పిల్లల బుర్రలో ఒట్టిగా వదిలెయ్యడం నాకిష్టం లేదు. అక్కడ పుస్తకం మూసి రెండు మాటలు మాట్లాడతాను.

ఇంకో సంగతి, ఇది అనువాదకులకు. లూయిస్ 1963 నవంబరులో చనిపోయాడు. మన దేశ చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కులుంటాయి, అంటే ఆయన బతికుండగా అచ్చయిన పుస్తకాలకు 2023 ఆఖరుతో ఆ గడువు తీరింది. బొమ్మలు గీసినామె 2008 దాకా బతికింది, బొమ్మల హక్కు వేరే లెక్క. కథను మాత్రం మన సీమ తెలుగులోకి ఎవరైనా తేవచ్చు. ఎవరు తెస్తారో చూడాలి.

చర్చి కమిటీలో ఉన్నవాళ్ళకు

లూయిస్‌దే స్క్రూటేప్ లెటర్స్, 1942లో పుస్తకంగా వచ్చింది. అనుభవమున్న పెద్ద దయ్యం తన మేనల్లుడికి రాసే 31 ఉత్తరాలు. మనిషిని చెడగొట్టే ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్ర దయ్యానికి మెలకువలు చెప్తాడు మామ. అందులో 'శత్రువు' అంటే దేవుడు, అంతా తలకిందులు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పకుండా ఇస్తే మాత్రం తంటా. రెండు పేజీలు చదివి, ఇది సైతాను పుస్తకమని బట్టలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయినవాళ్ళున్నారు.

ఇక్కడ చెడు కూర్చునే చోటు మోకాళ్ళ ప్రార్థన. మామ సలహా ఒకటి చూడండి. మీవాడు వాళ్ళమ్మ కోసం ప్రార్థన చేస్తుంటే చేసుకోనీ, కాని ఆమె ఆత్మ కోసమే చెయ్యనీ, ఆమె కీళ్ళనొప్పుల మాట తలపుకు రానీయకు. అప్పుడు వాడు ప్రార్థన ముగించి లేచి అదే అమ్మ మీద విసుక్కోగలడు. అత్తాకోడళ్ళున్న ఏ ఇంట్లో ఈ ముక్క చదివినా కాసేపు ఎవరూ మాట్లాడరు. ఇంకోచోట, పేకాటతో పనైపోయేటప్పుడు హత్య దాకా పోవడమెందుకంటాడు. సినిమాలవాళ్ళు మా సీమ మీద వేసిన ముద్ర బాంబులూ వేటకొడవళ్ళూ. ఊళ్ళో నేను చూసిన కొంపలు కూలింది ఎక్కువ పేకముక్కలతోనే.

పాటల బృందం, కమిటీ, సంఘ పెద్దలు, బోధకులు. భక్తిలో ఆరితేరామనుకునే వాళ్ళందరికీ ఇదే నా మొదటి ఎంపిక. కొత్తగా నమ్మకంలోకి వచ్చినవాళ్ళకు వద్దు. తన్ను తాను అనుమానించుకునే స్వభావమున్నవాళ్ళకు అసలే వద్దు, ప్రతి మంచి ఆలోచనలోనూ దయ్యం సంతకం వెతుక్కుంటూ కూర్చుంటారు.

నా తప్పు

ఫ్రాంక్ పెరెట్టి 1986లో రాసిన దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్ ఇంగ్లీషు వచ్చిన కుర్రవాళ్ళు ఎగబడి చదివే నవల. పేరు ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలోని 'ప్రస్తుత అంధకారం' నుంచి తీసుకున్నది. అమెరికాలో ఒక చిన్న ఊరు. పైన ఆకాశంలో దేవదూతలు, దురాత్మలు కత్తులతో కొట్లాడుతుంటారు, కింద ఊరివాళ్ళు ప్రార్థన చేసినకొద్దీ దూతలకు బలం వస్తుంది. ఇది రూపకం కాదు, దయ్యం దయ్యమే. చేతికి తీసుకుంటే కింద పెట్టలేం, ఆ మాట ఒప్పుకోవాలి. ప్రార్థన చేసి ఏం లాభమనే మనిషికి వెన్ను నిటారుగా లేస్తుంది.

ఒక ఇంటర్ పిల్లవాడు హాస్టలు నుంచి సెలవులకు వచ్చి ఉషారైన పుస్తకం కావాలంటే దీన్ని ఇచ్చాను. నెల తిరక్కముందే వాళ్ళమ్మ వచ్చింది. "సార్, నా దగ్గు దయ్యమంట. మాత్రలు మింగొద్దంటాడు. వాళ్ళ రూములో పిల్లోడు కసురుకుంటే వాని భుజం మీద ఏందో కూచున్యాదంట." పిల్లవాణ్ణి పిలిపించుకుని నాలుగైదు సాయంత్రాలు కూర్చోబెట్టుకుని మాట్లాడాల్సి వచ్చింది. ఇది కట్టుకథరా, ఏ గుణం ఎవరి భుజం మీద కూర్చుందో కనబడదని చెప్పీ చెప్పీ. వాడి తప్పు కాదు. జ్వరమొస్తే గాలి సోకిందని, పంట పోతే ఎవరో చేయించారని అనే మాటల మధ్య పెరిగినవాడికి, చెడంతా ఎదుటివాడి వీపు మీద కూర్చోబెట్టే పుస్తకం ఇచ్చాను. ముందర చెప్పిన నా లెక్క నేనే తప్పాను. ఇప్పుడు ఆ పుస్తకం బీరువా పై అరలో, అడిగితేనే తీస్తాను. అడిగినవాళ్ళను పది నిమిషాలు మాట్లాడించి గాని ఇవ్వను.

ఇక్కడే ఇంకో మాట. ఉంగరాల కథ, అదే టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్, దాన్నీ ఈ వరసలో చేర్చి అడుగుతారు. రాసినాయన గట్టి క్యాథలిక్, కాని రూపక కథలంటే తనకు గిట్టదని ముందుమాటలోనే రాసుకున్నాడు. మూడు లావు పుస్తకాలు. ఇష్టమైతే కథగా చదవనివ్వండి, ఆదివారం పాఠానికి లాక్కురాకండి.

భయస్తురాలి కథ

చివరగా, ఆడపిల్లలు ఒకరికొకరు చెప్పుకుని తీసుకుపోయే పుస్తకం. హానా హర్నార్డ్ 1955లో రాసిన హైండ్స్ ఫీట్ ఆన్ హై ప్లేసెస్. పేరు హబక్కూకు ఆఖరి వచనంలోని లేడికాళ్ళ మాట నుంచి వచ్చింది. కథలో అమ్మాయి పేరే మహా భయస్తురాలు. ఆ పేరు బన్యన్ రెండో భాగంలో ముందే ఉంది. కాళ్ళు వంకర, నోరు వంకర, పెద్దకాపరి దగ్గర పని. చుట్టాలంతా భయం వంశం. పిరికితనం అనే బావకిచ్చి చేసేయాలని కూర్చుంటారు. మేనరికం పేరుతో ఎంత ఒత్తిడి ఉంటుందో తెలిసిన మా పిల్లలకు మొదటి అధ్యాయంలోనే ఒళ్ళు జలదరిస్తుంది. ఇంత ఇంటి పట్టున కూర్చున్న చెడు ఇంకే పుస్తకంలోనూ లేదు. కాపరి ఆమెను కొండల మీదికి రమ్మని పిలిచి, తోడుగా ఇద్దరు అక్కచెల్లెళ్ళను ఇస్తాడు. వాళ్ళ పేర్లు దుఃఖం, బాధ. దారి కూడా కొండ దిక్కు పోదు, ఎడారి దిక్కు దిగుతుంది.

కొంచెం కన్నీళ్ళు ఎక్కువే, నా రుచికి తీపి కూడా ఎక్కువే. పెండ్లి, ఉద్యోగం, ఊరు దాటడం, ఏదో ఒకదానికి జంకుతూ నిలబడ్డ పిల్లకు బాగా పనిచేస్తుంది. మొగుడి చేతిలో దెబ్బలు తింటున్న ఆమెకు మాత్రం ఇవ్వకండి. బాధ చెయ్యి పట్టుకుని నడవమని చెప్పే పుస్తకం ఆ చేతుల్లోకి పోతే ఆ ఇంట్లో ఎవరికి మేలు చేస్తుందో ఆలోచించండి.

పోయినేడు వచ్చిన పాపకు సింహం పుస్తకం ఇచ్చాను. తల్లి ఊరికే నిలబడి ఉంటే యాత్రికుని ప్రయాణం రెండో భాగం ఉన్న పాత ప్రతి ఆమె చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే సరిగ్గా తెలీదు, ముఖంలో అలసట చూసి కావచ్చు. జూన్‌లో బడి తెరిచే ముందు పాప తన పుస్తకం తెచ్చి ఇచ్చి రెండోది అడిగింది. తల్లిది రాలేదు. ఇంకో నెల చూసి నేనే అడిగాను.

"మా అత్త మంచంలో ఉంది సార్. రాత్రిపూట చదివి వినిపిస్తాండా. అందురూ ఏటి కాడికి వచ్చినారు, ఒక్కొక్కరికి పైనుంచి జాబు వస్తాంటాది, దాటుతాండారు. మా అత్త ఆడికొస్తానే ఆపమంటాది. మళ్ళా మొదట్నుంచి చదవమంటాది. ఇది మూడోసారి."

రిజిస్టర్లో పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసుకున్నాను.